వీడియో గేమ్ నిర్మాణం – భాగస్వాముల బాధ్యతలు: ఉద్దానం నేపథ్యంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: వీడియో గేమ్‌ను కేవలం ప్రోగ్రామర్ల సృష్టిగా భావించడం పరిపాటి. నిజానికి అది చలనచిత్రం వలె సమష్టి కృషి. ఉద్దానాన్ని కథాస్థలంగా ఊహించి, నిర్మాణంలో పాల్గొనేవారి బాధ్యతలను వివరించడం, వారి పేర్ల నమోదు ఆవశ్యకతను చర్చించడం ఈ వ్యాసోద్దేశం.

ముఖ్యపదాలు: వీడియో గేమ్, గేమ్ డిజైనర్, ఉద్దానం, ఇచ్ఛాపురం, స్థానికీకరణ, శ్రమకు గుర్తింపు.

1. ప్రవేశిక

2009లో హైదరాబాదుకు చెందిన ఆరోనా టెక్నాలజీస్ రూపొందించిన 'హనుమాన్: బాయ్ వారియర్' ప్లేస్టేషన్ 2 పై విడుదలైంది. భారతదేశంలో తయారైన తొలి కన్సోల్ గేమ్‌గా అది గుర్తింపు పొందింది. అదే ఏడాది హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర సంస్థ 'దేశీ అడ్డా' ద్వారా కబడ్డీని, మన బిళ్లంగోడు వంటి గిల్లీదండాను తెరకెక్కించింది. వీధిలో ఇద్దరు పిల్లలు, రెండు కర్రముక్కలు చాలిన ఆటకు తెరపై మాత్రం ఎన్నో నైపుణ్యాలు కావలసివస్తాయి.

2. రూపకల్పన, రచన

2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. తోటను తిరిగి పెంచుకొనే రైతు జీవితాన్ని ఆటగా మలచాలనుకుందాం. గేమ్ డిజైనర్ ముందుగా నిర్ణయించవలసినవి నియమాలు. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ నిరీక్షణలో అంతరపంట, అప్పు, వలస అనే దారులుంటే ఒక్కొక్కదానికి చెల్లించవలసిన మూల్యమేమిటి? ఈ లెక్కే ఆటకు ప్రాణం. ఆ నియమాలను కూలిన చెట్లు, తెగిన దారుల నడుమ అమర్చేవారు లెవెల్ డిజైనర్లు.

సంభాషణలు రచయిత బాధ్యత. ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురంలో తెలుగు, ఒడియా రెండూ వినిపిస్తాయి. ఏ పాత్ర ఎవరితో ఏ భాషలో మాట్లాడుతుందో రచయితే తేల్చాలి. ఆటను ఇతర భాషలలోకి తెచ్చే స్థానికీకరణ నిపుణులు ఈ భేదాన్ని నిలుపగలగాలి.

3. కళ, ధ్వని, ప్రోగ్రామింగ్

భావచిత్రకారులు తోటల రూపురేఖలు గీస్తారు. మోడలర్లు వాటికి త్రిపరిమాణ రూపమిస్తారు. యానిమేటర్లు చలనం కల్పిస్తారు. జీడిచెట్టు విస్తరించి పెరుగుతుంది, కొబ్బరి నిటారుగా సాగుతుంది; గాలికి రెండూ ఒకే తీరున ఊగితే ఆ ప్రాంతవాసి ఆటను నమ్మడు. గాలిహోరును, కెరటాల ఘోషను ధ్వనిరూపకర్తలు సమకూరుస్తారు. గాలివేగాన్ని, చెట్టు కూలడాన్ని, ఆటగాడి ఎంపికలను ఒకే వ్యవస్థగా పనిచేయించేది ప్రోగ్రామర్లు.

4. పరీక్ష, నిర్వహణ

పరీక్షకుల పని సరదాగా ఆడుకోవడం కాదు. ఒకే ఘట్టాన్ని పదేపదే ఆడి, లోపం ఏ పరిస్థితిలో తలెత్తుతుందో వారు నమోదు చేస్తారు. నిర్మాణ నిర్వాహకులు గడువును, వ్యయాన్ని, విభాగాల సమన్వయాన్ని చూస్తారు. ప్రచురణ సంస్థ విడుదల, ప్రచారం చేపడుతుంది. తరచుగా పెట్టుబడి కూడా దానిదే.

5. పేరు – గుర్తింపు

తొలినాళ్లలో అటారీ సంస్థ రూపకర్తల పేర్లను ప్రకటించేది కాదు. అందువల్ల వారెన్ రాబినెట్ తన 'అడ్వెంచర్' ఆటలో ఒక రహస్యగదిని కల్పించి అక్కడ తన పేరు దాచాడు. గుర్తింపు కోరి అటారీని వీడిన ప్రోగ్రామర్లు 1979లో యాక్టివిజన్ స్థాపనలో భాగస్వాములై, రూపకర్తల పేర్లను ప్రకటించే పద్ధతిని తెచ్చారు. ఒక సంస్థ ఆటకు మరో సంస్థ బొమ్మలు గీసి ఇచ్చే పొరుగుసేవల విధానంలో ఈ సమస్య నేటికీ ముఖ్యమైనదే. పేరు నమోదు కాని కళాకారుడు తరువాతి ఉద్యోగానికి తన అనుభవాన్ని నిరూపించుకోవడం కష్టం.

6. ముగింపు

వీడియో గేమ్‌లో సాంకేతికత ఒక భాగమే. చిత్రకళ, సంగీతం, భాషాజ్ఞానం, స్థలపరిచయం ఉన్నవారికీ అందులో చోటుంది. ఈ విభజన తెలిసినప్పుడే ఇచ్ఛాపురం వంటి చోట చదువుకొనే యువత కోడింగ్ రానంత మాత్రాన ఈ రంగం తమది కాదనుకోకుండా ఉంటారు. వారి శ్రమ పేరుతో సహా నమోదైనప్పుడే ఆ చోటు నిలుస్తుంది.