వేములవాడ – వినికిడి చదువు

విద్య రెండు దారుల వచ్చును. ఒకటి కంటి దారి. రెండవది చెవి దారి. మన పాఠశాలలు మొదటి దారిని శ్రద్ధతో చక్కదిద్దినవి. రెండవ దానిని దాదాపు మరచినవి. పండితుని మన పూర్వులు బహుశ్రుతుడనిరి. బహుశ్రుతుడనగా పెక్కు సంగతులు వినినవాడు. పుస్తకము పట్టని కోట్ల జనులకు భారత రామాయణములు తెలిసినది చెవి దారినే కదా!

వేములవాడ యనగానే రాజరాజేశ్వరుని గుడియు, ధర్మగుండమును, కోడెమొక్కును మనకు గుర్తువచ్చును. దక్షిణకాశి యని ఈ క్షేత్రమునకు ప్రసిద్ధి. ఐనను ఈ యూరికి మరియొక ప్రతిష్ఠ కలదు. మాటను, పాటను వినదగినవారిని వేయేండ్లకు పైగా తయారుచేసిన సీమ యిది. ఆ ప్రతిష్ఠ నిలుచునా, కేవలము చరిత్ర పుటలకు ఎక్కునా యనునది నేడు చాలవరకు మన ఉపాధ్యాయుల చేతిలో నున్నది.

మూడు భాషల బండ

పదవ శతాబ్ది శాసనములలో ఈ యూరి పేరు లేంబుళవాటకము. రాష్ట్రకూటులకు సామంతులైన చాళుక్యులకు ఇది రాజధాని. రెండవ అరికేసరి ఆస్థానమున పంపకవి 941లో విక్రమార్జున విజయమును కన్నడమున రచించి, తన ప్రభువును అర్జునునితో పోల్చి కీర్తించెను. 959లో సోమదేవసూరి యశస్తిలక చంపువను సంస్కృత కావ్యమును గంగాధారలో ముగించెను. ఆ సోమదేవునకే 966లో మూడవ అరికేసరి ఒక గ్రామమును దానమిచ్చినట్లు పర్భణీ తామ్రశాసనము తెలుపుచున్నది. తన తండ్రి బద్దెగుడు ఇచట కట్టించిన శుభధామ జినాలయపు పోషణకు ఆ దానము జరిగినది. విద్య నిలుచుటకు ఒక నెలవును, ఆ నెలవునకు ఎడతెగని రాబడియు కావలెనని ఆనాటివారు ఎరిగియుండిరి.

ఐతే ఆ కావ్యములను వినినవారెవరు? ఆస్థానమువారు, ఆలయమున చేరిన విద్వాంసులు. ఊరి జనులను తలచినవాడు పంపని తమ్ముడు జినవల్లభుడు. కురిక్యాల చెంత బొమ్మలమ్మ గుట్టమీద ఆయన జైన విగ్రహములను మలపించి, 945 ప్రాంతమున బండపై ఒక శాసనము చెక్కించెను. అది సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో నున్నది. తెలుగున మూడు కందపద్యములు కలవు. ఇవి నన్నయ భారతమునకు సుమారు ఒక శతాబ్ది ముందటివి; ఇంతవరకు దొరకిన తెలుగు కందములలో మొదటివని పరిశోధకులు చెప్పుదురు. అన్నగారి కవితాగుణార్ణవ బిరుదు పేర ఒక చెరువు త్రవ్వించిన ముచ్చటయు ఆ శాసనమున కలదు.

ఒకే బండపై మూడు భాషలెందుకు? వినువారు మూడు విధములవారు గనుకనే యని నా తలంపు. నాలుగేసి మాత్రల గణములతో నడచు కందము చెవికి త్వరగా పట్టుబడును. అక్షరము రానివాడును రెండుమారులు వినినచో అప్పజెప్పగలడు. రాతిపై చెక్కినను అవి గొంతెత్తి చదివి వినిపింపదగిన పద్యములే. చదువరి చదువగా చుట్టును మూగి వినిన జనులు ఈ సీమ తొలి తెలుగు సభ యని భావించుటలో తప్పులేదు.

ఒకే యూరి యిద్దరు

వేయేండ్లు దాటి మన కాలమునకు వత్తము. వేములవాడ చెంత హనుమాజీపేట యను పల్లె కలదు. 1931లో అచట సి. నారాయణరెడ్డిగారు జన్మించిరి. నిజాము రాజ్యమున ఆయన బడి చదువు ఉర్దూలో సాగినది. తరగతిలో తెలుగు తగినంత దొరకని ఆ బాలుడు, తరువాత తెలుగు ఆచార్యుడై, విశ్వంభర కావ్యమునకుగాను 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము నందెను. ఇది ఎట్లు పొసగినది? పల్లెలో ఆడిన హరికథలు, జంగము కథలు, జానపదుల పాటలు చిన్ననాటనే ఆయన చెవినబడినవి. బడి ఇయ్యలేని తెలుగు నడకను కథ అరుగు ఇచ్చినది.

అదే పల్లెలో మిద్దె రాములుగారు పుట్టిరి. ఆయన ఒగ్గుకథలో పేరెన్నిక గన్నవాడు. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలను డోలు తాళముల నడుమ రాత్రి తెల్లవార్లు చెప్పు ఆ కళలో పాటయు, మాటయు, ఆటయు ఒక్కటిగా కలిసియుండును. ఆయన 2010లోను, నారాయణరెడ్డిగారు 2017లోను కీర్తిశేషులైరి. ఒకరు వ్రాసి గెలిచిరి, ఒకరు చెప్పి గెలిచిరి. ఇద్దరిని కన్న పల్లె యొక్కటే. పల్లెలోని కథా రాత్రిని వినోదమని మాత్రమే భావించువారు ఈ యిద్దరి పేర్లను ఒకమారు కలిపి తలచుకొనవలెను.

త్యాగరాజ ఆరాధన

వేములవాడ దేవస్థానము పక్షమున ఏటేటా త్యాగరాజ ఆరాధనోత్సవములు జరుగుచున్నవి. గాత్రము, వీణ, వయొలిన్, నాదస్వరము, హరికథ, నాట్యము కొన్ని దినములపాటు ఊరివారికి టిక్కెట్టు లేకుండ లభించును. కర్ణాటక సంగీతమునకు పట్టణపు సభామందిరములే నెలవులని తలచు ఈ దినములలో, ఇది చిన్న విశేషము కాదు.

త్యాగరాజస్వామి 1767లో తిరువారూరున జన్మించి, 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు, తిరువయ్యారున సిద్ధినొందెను. ఉంఛవృత్తిన వీథులవెంట పాడుచు తిరిగిన ఆయన కృతులను వాలాజాపేట, ఉమయాళపురము, తిల్లస్థానము శిష్యపరంపరలు విని, నేర్చి, నిలిపినవి. ఆయన సమాధిని వెదకి, స్థలము కొని మందిరము కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆ సన్నిధిని స్త్రీలు పాడరాదని అడ్డుపెట్టిన కాలమున, ఆమె స్త్రీలను వేరుగా కూర్చి పాడించెను. పక్షములు వీడి అందరును ఒక్క గొంతుగా పంచరత్నములు పాడు ఆచారము 1940 ప్రాంతమున నెలకొన్నది.

ఆ ఐదు కృతులు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగములలోనివి, అన్నియు ఆదితాళమే. మొదటిది సంస్కృతము, తక్కిన నాలుగును తెలుగు. తమిళదేశపు శ్రోతలలో పెక్కుమంది రాగమెరిగి మాట యెరుగనివారు. మన యెడ మాట యెరిగియు రాగమెరుగనివారే ఎక్కువ. వారు రాగమువెంట వచ్చి తెలుగును గౌరవించిరి. మనము తెలుగువెంట పోయి రాగమును పట్టుకొనలేమా?

కొఱత ఎచట?

మహాశివరాత్రినాడు వేములవాడకు లక్షలాది యాత్రికులు వత్తురు. తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడిన పిమ్మట, ఆ జాగారపు రాత్రి శివార్చన యను పేర ప్రభుత్వ సాంస్కృతిక శాఖ కళాప్రదర్శనలు జరిపించినది. శాస్త్రీయ నర్తకులును, జానపద కళాకారులును ఒకే వేదిక నెక్కుట మెచ్చదగినది.

కావున కొఱత వేదికలలో లేదు, వినికిడిలో నున్నది. పెక్కుచోట్ల నేను చూచు దృశ్యమిది: పిల్లలు చక్కగా అలంకరించుకొని వత్తురు, తమ అంశము ముగియగానే ఫొటో దిగి తల్లిదండ్రులతో వెడలిపోవుదురు. తరువాత పాడు విద్వాంసుని ముందు కుర్చీలు ఖాళీ. వేదిక ఎక్కుట నేర్పితిమి గాని, వేదిక ముందు కూర్చుండుట నేర్పలేదు. పాడువారు ఒక తరములో తగ్గినను మరల పుట్టుదురు. వినువారు తగ్గినచో పాడువారు పుట్టరు.

ఉపాధ్యాయ మిత్రులకు

ఇందుకు పెద్ద ద్రవ్యము అక్కరలేదు. ఆరాధనకు వారము ముందు ఒక పంచరత్న కృతి సాహిత్యమును తెలుగు గంటలో పద్యమువలె చెప్పుడు. పదవిభాగము, అర్థము, ప్రాస చూపుడు. చేతితో ఆదితాళము వేయించుడు: ఒక లఘువు, రెండు ద్రుతములు, మొత్తము ఎనిమిది క్రియలు. అంతమాత్రము తెలిసిన బాలుడు సభలో నిద్రపోడు. చరణ మెక్కడ మొదలైనదో వెదకుచుండును. మరునాడు తాను వినినదానిని పది వాక్యములలో చెప్పింపుడు.

ఒగ్గుకథ జరిగిననాడు, కథకుని పలుకుబడిలోని పది మాటలను ఏరి తెమ్మనుడు. అర్థము ఇంటి పెద్దలను అడిగి వ్రాయవలెను. తాతయ్య, నాయనమ్మల నోటిలో నిలిచిన మాటలు అట్లు నోటుపుస్తకమున కెక్కును. ఏడాది కొకమారు కురిక్యాల గుట్టకు తీసికొనిపొండు. ఆ బండయెదుట కందపద్య లక్షణము చెప్పిన పాఠము, తరగతి గోడల నడుమ చెప్పినదానికంటె గట్టిగా నాటుకొనును.

పంపకవికి రాజు దొరకెను. సోమదేవునకు గ్రామము దొరకెను. నేటి కళాకారునకు సర్కారును, దేవస్థానమును వేదిక నిచ్చుచున్నవి. వారు ఇయ్యలేనిది, మన మియ్యవలసినది ఒక్కటే: ఎదుట కూర్చుండి, తెలిసి వినగల నలుబది మంది పిల్లలు. ఈ యేటి ఆరాధనకు ఒక్కొక్క పాఠశాలనుండి ఒక్కొక్క తరగతి అట్లు వచ్చినచో, వేములవాడ సభ నిండును.