ఆటగానికి వార్ధక్యము

విజయనగరపు రాజకుమారుఁడు విజ్జీ సారథ్యమున 1936లో ఇంగ్లండునకేగిన భారత క్రికెట్ జట్టులో, నాగపురమునఁ బుట్టినను తెలుగువాఁడే యగు సి.కె. నాయుడుగారికి అప్పటికే నలువదేండ్లు. పిమ్మట ఇరువదేండ్లకు, 1956-57 రంజీ పోటీలలో, అఱువదియొక్క యేండ్ల ప్రాయమున, ఆయన ఉత్తరప్రదేశ్ పక్షమున నాడి రాజస్థానుపై 84 పరుగులు తీసిరి.

ఇది ప్రకృతికి ఎదురీఁతయే. వయసుతోపాటు గుండె గరిష్ఠ వేగము తగ్గును; ప్రాణవాయువును వినియోగించుకొను శక్తి ముప్పదియవ యేటి తరువాత, సాధన లేనివారిలో, దశాబ్దమునకు సుమారు నూటికి పదివంతులు క్షీణించును; మెఱుపు కదలికలకు మూలమైన శీఘ్ర కండర తంతువులు మఱింతగాఁ గృశించును గనుక, పొట్టి పరుగులవారును బరువులెత్తువారును ముందుగా వెనుకఁబడుదురు. ఎడతెగని సాధన ఈ క్షయమును మందగింపఁజేయునే కాని మాన్పలేదు.

నాయుడుగారి కాళ్ళు కోల్పోయిన వేగమును బంతిని ముందే పసిగట్టు అనుభవము పూరించెనని నా తలఁపు. 1963-64లో, అఱువదియెనిమిదేండ్ల ప్రాయమున, ఆయన తుది ప్రథమశ్రేణి పోటీ ఆడిరి.