మనిషికిని కంప్యూటరునకును నడుమ

ఏ.టి.ఎం. ముందు నిలిచిన వృద్ధ రైతు కార్డును ఏ వైపు త్రిప్పి పెట్టవలెనో తెలియక తడబడినచో, వెనుక వరుసలోనివారు “పాపము, చదువు రాదు” అనుకొందురు. అది సరికాదు, ఆ తడబాటునకు కారణమును యంత్రమును రూపొందించిన తీరులోనే వెదుకవలెనని చెప్పు శాస్త్రమొకటి కలదు. దానికి మానవ కంప్యూటరు సంబంధ శాస్త్రమని పేరు; విద్యార్థులు పొట్టిగా హెచ్.సి.ఐ. అందురు. పట్టభద్రులైన పిమ్మట దీనిని చదువగోరు యువతీయువకులకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడునని నాలుగు మాటలు చెప్పదలచినాము.

ఈ చదువుతో మన సీమకు చుట్టరికము కలదు. 1937లో నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున రైతు కుటుంబములో పుట్టిన దబ్బల రాజగోపాల రెడ్డిగారిని లోకము రాజ్ రెడ్డిగా ఎఱుగును. వారు 1958లో మదరాసు గిండీ కళాశాలలో సివిల్ ఇంజనీరింగు పట్టము పుచ్చుకొని, ఆస్ట్రేలియాలో పై తరగతి చదివి, 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందిరి. మనిషి మాటను కంప్యూటరుచే గ్రహింపజేయుటయే వారి పరిశోధన. 1969లో పిట్స్‌బర్గు నగరమునందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున చేరిరి. చదరంగపు ఎత్తును నోటితో చెప్పగా గ్రహించు “హియర్‌సే”, ఇంచుమించు వేయి మాటలెఱిగిన “హార్పీ” అచ్చట 1970 తరువాత వెలసినవే. 1994లో ఎడ్వర్డు ఫైగెన్‌బామ్‌తో కలిసి వారు ట్యూరింగు బహుమానము నందుకొనిరి. వారు కంప్యూటరు శాస్త్ర పాఠశాలకు డీనుగా నున్న కాలముననే (1991–99) ఈ శాస్త్రమునకై ప్రత్యేకముగా ఒక సంస్థ అచ్చట ఏర్పడినది.

ఇందు కంప్యూటరు శాస్త్రము, మనస్తత్వ శాస్త్రము, రూపకల్పన మూడును కలిసియుండును. అయినను అన్నిటికంటె ముందు నేర్వవలసినది చూచుట. పనిచేయువాని ప్రక్కన కూర్చుండి, “మీ మనసులో మెదలునది పైకి చెప్పుచు పని కానిండు” అని కోరి, అతడెచ్చట ఆగెనో, దేనికై వెదకెనో వ్రాసికొనవలెను. సాయము చేయరాదు. సలహా చెప్పక ఊరకుండుట మనవారికెంత కష్టమో చెప్పనక్కఱలేదు!

వేఱొక పద్ధతి రేడియోవారమైన మాకు మిక్కిలి ముచ్చట గొల్పినది. ఐ.బి.ఎం. సంస్థలో జాన్ గౌల్డు మొదలగువారు “వినెడి టైపురైటరు” నొకదానిని పరీక్షించి, 1983లో ఫలితములు ప్రకటించిరి. ఒకడు మైకులో ఉత్తరము చెప్పును. మాటలు తెరపై పడును. నిజమునకు అట్టి యంత్రము లేనేలేదు. వేఱొక గదిలో టైపిస్టు కూర్చుండి, విన్నది విన్నట్లు కొట్టుచుండెను. కొబ్బరి చిప్పలతో గుఱ్ఱపు డెక్కల చప్పుడు పుట్టించు మా నాటక విభాగమువారి పనియే ఇదియును! యంత్రమును కట్టుటకు ఏండ్లును ధనమును వెచ్చింపక మున్నే, అది జనులకు పనికివచ్చునో రాదో తెలిసికొనుట వారి ఉద్దేశము. మాటమాటకు ఆగి పలుకవలసివచ్చినను, యంత్రమునకు చాలినన్ని మాటలు తెలిసియున్నచో కొందఱు ఉత్తరములను బాగుగనే కూర్చగలిగిరి.

మనకు ఇది వినోదము మాత్రమే కాదు. నేడు ఫోనునకు నోటితో చెప్పి సంగతులు తెలిసికొనవచ్చును. కుప్పము ప్రాంతమున తెలుగు, తమిళము, కన్నడము ఒక్క సంభాషణలోనే కలిసిపోవుచుండును. పుస్తకపు తెలుగు మాత్రమే నేర్చిన యంత్రము ఆ పలుకును గ్రహింపలేనిచో, నష్టపోవునది యంత్రము కాదు. ధర తెలియక టొమాటో బుట్టలను అయినకాడికి అమ్ముకొన్న మనిషి. చదువనేరనివానికి మాటయే దిక్కు. ఆ పలుకు నెఱిగిన బిడ్డలు ఈ చదువునకు పోవలెనని మేము కోరునది అందులకే.

మన దేశమున బొంబాయి ఐ.ఐ.టి.లో ఇంటరాక్షన్ డిజైను అను పేర దీనిని ఎం.డెస్. తరగతిలో చదువవచ్చును. అందులకు సీడ్ అను ప్రవేశ పరీక్ష కలదు. అర్హతలు ఒక్కొక్క సంస్థలో ఒక్కొక్క తీరుగా నుండును గనుక ముందే చూచుకొనవలెను. ప్రోగ్రాములు వ్రాయనేర్చినవారు తమకు సగము చదువైనదని తలతురు; మా లెక్కకు అది పావు పాలును కాదు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున మనస్తత్వ శాస్త్రములో ఎం.ఏ. చేసినవారు తమకు కోడు రాదని జంకనక్కఱలేదు.

పెక్కుచోట్ల ప్రవేశమునకు తమ పనుల సంపుటమును చూపవలసియుండును. అందు అందమైన తెరబొమ్మలు నింపుట ఇప్పటి వాడుక. రైల్వే స్టేషనులో టికెట్ల యంత్రము నొద్ద యాత్రికులు ఏ మెట్టున ఆగిపోయిరో, ఏ మాట మార్చి చూపగా ముందుకు సాగిరో వ్రాసిన నాలుగు పుటలు, మా అభిప్రాయమున, ఆ బొమ్మలకన్న ఎక్కువ తూగును.