చప్పట్లు కొట్టండి... పాట ఇంకా మొదలవ్వలేదు!

సినిమా పిచ్చి ఉన్నవాళ్ళని చూశాం. క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్ళనీ చూశాం. నాది పాటల పిచ్చి! అదీ ఫోన్లో పెట్టుకుని వినే పిచ్చి కాదు. పాడే మనిషి ఎదురుగా నిలబడి పాడాలి, నేను చెవులారా వినాలి. అందుకోసం ఎంత దూరమైనా వెళ్తాను, ఎంత క్యూలో అయినా నిలబడతాను. అవసరమైతే గేటు దగ్గర వాచ్‌మన్‌ని 'బాబాయ్' అని పిలవడానికి కూడా వెనుకాడను!

నేనుండేది కొండాపూర్‌లో. కొత్తగూడ చౌరస్తాకి కాస్త లోపల, మూడో అంతస్తులో ఒక్క గది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కూడా లేని వాడికి ఇంత అద్దె పోసి ఇక్కడెందుకురా అని మిత్రులు కోప్పడుతుంటారు. కారణం వాళ్ళకేం తెలుసు! ఇక్కణ్ణుంచి శిల్పకళావేదికకి ఆటోలో పది నిమిషాలు (ట్రాఫిక్ కరుణిస్తే సుమండీ!). గచ్చిబౌలి స్టేడియం ఇంకో అయిదు నిమిషాలు ఎక్కువ. హైటెక్స్‌కైతే నడిచే పోవచ్చు. సంగీతాభిమానికి ఇంతకన్నా మంచి అడ్రసు హైదరాబాద్‌లో ఉందంటారా?

పెదనాన్న విన్న గొంతు

ఈ పిచ్చి నాకు అంటించింది మా పెదనాన్న. 1970 ఫిబ్రవరి 1న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో ఘంటసాల వెంకటేశ్వరరావుగారి సినీ జీవిత రజతోత్సవం జరిగింది. ముప్పై వేలమందికి పైగా జనం వచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. నల్గొండ నుంచి బస్సెక్కి వచ్చిన మా పెదనాన్న ఆ జనంలో ఒకడు. అప్పటికి ఆయన వయసు పద్దెనిమిది. ఇంట్లో చెప్పకుండా వచ్చాడు. తిరిగి వెళ్ళాక తాతయ్య చేతిలో దెబ్బలు కూడా తిన్నాడు.

"మనిషి సరిగ్గా కనపడలేదురా. అగ్గిపుల్లంత కనపడ్డడు. గొంతు మాత్రం నా పక్కన కూసున్నట్టే ఉండె" అనేవాడు పెదనాన్న. ఆ మాట చెప్పేటప్పుడల్లా కుడిచెయ్యి పక్కకి చాపి, అక్కడెవరో నిజంగా కూర్చున్నట్టు చూపించేవాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1974 ఫిబ్రవరి 11న, ఘంటసాల కన్నుమూశారు. ఆ రోజు సభకి వెళ్ళిన గుర్తుగా పెదనాన్న దగ్గర ఒక ఫోటో లేదు, టిక్కెట్టు ముక్క లేదు. ఉన్నదల్లా ఆ చెయ్యి చాపడమే!

పాట కోసం పోతే ప్రసంగం!

మాదాపూర్‌లో శిల్పారామం పక్కనున్న శిల్పకళావేదిక 2002లో వచ్చింది. రెండున్నర వేలమంది దాకా కూర్చోవచ్చు. మన తెలుగు సినిమాల ఆడియో ఫంక్షన్లు అక్కడ ఎన్ని జరిగాయో! మొదట్లో క్యాసెట్టు, ఆ తర్వాత సీడీ. పెద్దలు రంగు కాగితం విప్పి పైకెత్తి చూపిస్తే, మర్నాడు మనం షాపుకి పరుగెత్తేవాళ్ళం. ఇప్పుడు పాటలన్నీ ఒక్కొక్కటిగా ముందే ఫోన్లలోకి వచ్చేస్తున్నాయి. విప్పడానికి కాగితం లేదు. అందుకే ఆడియో ఫంక్షన్ కాస్తా 'ప్రీ-రిలీజ్ ఈవెంట్' అయి కూర్చుంది.

అలాంటి ఫంక్షన్లకి వెళ్ళినప్పుడు నేను చూసేది హీరోని కాదు. స్టేజీకి ఓ పక్కన, చీకట్లో, వయొలిన్ శ్రుతి చేసుకుంటున్న పెద్దాయన్ని చూస్తాను. ప్రసంగానికీ ప్రసంగానికీ మధ్య వాళ్ళకి దొరికేది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లోనూ హీరో లేచి నీళ్ళు తాగితే చాలు, ఈలలతో హాలు దద్దరిల్లిపోతుంది. ఇక పాటెక్కడ వినిపిస్తుంది! అభిమానుల్ని తప్పుపట్టడం లేదు. వాళ్ళు వచ్చింది హీరో కోసం, నేను వెళ్ళింది వయొలిన్ కోసం. ఒకే పాసు మీద రెండు రకాల భక్తులం, అంతే!

లైట్స్... కెమెరా... చప్పట్లు!

1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పుడు నేను పలక పట్టిన వయసులో ఉన్నాను. ఉష, మల్లికార్జున్ లాంటి గాయనీ గాయకుల్ని మనకిచ్చిన కార్యక్రమం అది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు పిల్లల పాట వినేవారు, తప్పుంటే తానే పాడి దిద్దేవారు. ఆ పాట రాసిందెవరో, బాణీ కట్టిందెవరో చెప్పేవారు. తెర వెనక మనుషుల పేర్లు మా తరానికి తెలిశాయంటే అందులో ఆయన చలవ చాలా ఉంది. ఒక్కసారైనా పాటల పోటీ షూటింగ్ లోపల కూర్చుని చూడాలని అప్పటినుంచీ నా కోరిక.

ఆ కోరిక కొన్నేళ్ళ క్రితం తీరింది. ఛానెల్ పేరెందుకు లెండి! ఆడియన్స్‌ని తీసుకొచ్చే కోఆర్డినేటర్ ఒకాయన పరిచయం వల్ల లోపలికి వెళ్ళాను. ఉదయం ఎనిమిదింటికి రమ్మన్నారు. మొదటి పాట మధ్యాహ్నం పన్నెండుకి! ఈలోపు ముదురు రంగు చొక్కాల వాళ్ళని వెనక్కి, పట్టుచీరల వాళ్ళని ముందుకి సర్దారు. తర్వాత ఫ్లోర్ మేనేజర్ మైకు పట్టుకుని, "చప్పట్లు కొట్టండి... ఆఁ, ఇంకా గట్టిగా... ఇప్పుడు ఆశ్చర్యపోండి... ఇప్పుడు కళ్ళు తుడుచుకోండి" అన్నాడు. పాట ఇంకా మొదలవ్వనే లేదు! మా సంతోషం, మా ఆశ్చర్యం, మా కన్నీళ్ళు ముందే తీసి పెట్టుకుని, ఎడిటింగ్‌లో ఏ పాటకి కావాలంటే ఆ పాటకి అతికిస్తారట. నవ్వుకున్నాం, చేశాం.

ఇక అసలు సంగతి. సాయంత్రం ఒక కుర్రాడు వచ్చాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో. వరసలో చివర కూర్చున్న వాళ్ళమ్మ చేతిసంచి గుండెలకి హత్తుకుని కళ్ళు మూసుకుంది. ఇళయరాజా బాణీ కట్టిన ఓ పాత పాట ఎత్తుకున్నాడు కుర్రాడు. ఏం పాడాడండీ! చరణంలో ఒకచోట ఊపిరి తీసుకోవాల్సింది తీసుకోకుండా, ఆ గమకాన్ని అలాగే పట్టుకెళ్ళి పల్లవిలో దించాడు. తబలా వాయించే ఆయన తల పైకెత్తి చూశాడు. ఎవరూ చెప్పకుండానే హాలంతా లేచి నిలబడింది. అవి మాత్రం అసలు సిసలైన చప్పట్లు!

అప్పుడు పైనుంచి మైకులో వినిపించింది: "సారీ అండీ, రికార్డు అవలేదు. ఇంకోసారి."

కుర్రాడి మొహం ఇప్పటికీ నా కళ్ళల్లో ఉంది. మంచినీళ్ళు తాగి మళ్ళీ పాడాడు. అదే చరణం, అదే చోటు... గొంతు జీరపోయింది. మూడోసారి అడుగుదామనుకున్నాడో ఏమో, నోరు తెరిచి మూసేశాడు. అప్పటికే రాత్రి తొమ్మిదైంది. న్యాయనిర్ణేతలు తాము విన్న మొదటి పాట గురించి మాట్లాడలేదు. రెండోదానికే మార్కులు వేశారు. ఆ వారం అతను పోటీ నుంచి తప్పుకున్నాడు.

నెల తర్వాత టీవీలో ఆ ఎపిసోడ్ వచ్చింది. జీరపోయిన పాటే వచ్చింది. మధ్యలో నేను కళ్ళు తుడుచుకుంటూ కనిపించాను, ఉదయం తీసిన కన్నీళ్ళతో! నిజంగా కన్నీళ్ళు పెట్టిన మొదటి పాట మాత్రం ఎక్కడా లేదు. ఆ హాల్లో ఉన్న నూట యాభై మంది చెవుల్లో తప్ప!

అమ్మా, నేనూ, గచ్చిబౌలి స్టేడియం

నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. మా అమ్మకి బాలుగారంటే ప్రాణం. ఒకసారి ఆయన కచేరీకి రెండు పాసులు దొరికాయి. అమ్మని ఊరినుంచి పిలిపించొచ్చు. కానీ బస్సు ప్రయాణం, రాత్రి పొద్దుపోవడం, ఇవన్నీ ఆలోచించి స్నేహితుణ్ణి తీసుకెళ్ళాను. "నాకేం బిడ్డా, టీవీలో చూస్తనే ఉన్న గదా" అంది అమ్మ. వచ్చేసారి తప్పకుండా తీసుకెళ్తానన్నాను. 2020 సెప్టెంబరు 25న బాలుగారు వెళ్ళిపోయారు. ఆ 'వచ్చేసారి' ఇక రాలేదు.

అందుకే 2023 ఫిబ్రవరిలో గచ్చిబౌలి స్టేడియంలో ఇళయరాజా కచేరీ అనగానే మరో ఆలోచన లేకుండా రెండు టిక్కెట్లు కొన్నాను. నా దగ్గర డబ్బుల్లేక, అవీ బాగా వెనక వరసలో! అమ్మకి స్టేజీ మీద మనుషులు చిన్న చిన్న బొమ్మల్లా కనిపించారు. బాలుగారి పాటలు వేరేవాళ్ళు పాడుతున్నారు. చుట్టూ యువతీ యువకులు ఫోన్లు పైకెత్తి గొంతు కలుపుతున్నారు. అమ్మ మాత్రం పెదవి కదపలేదు.

నచ్చలేదేమోనని అడిగాను. "బాగనే పాడుతున్నరు. నేను ఆయన గొంతు లోపల పెట్టుకొని ఇంటున్న. నువ్వు మాట్లాడకు!" అంది.

నేను నోరు మూసుకున్నాను. కాసేపటికి నా ఫోను కూడా జేబులో పెట్టేశాను.

మన పాట, వాళ్ళ నోట

కచేరీల రోజులు మళ్ళీ వచ్చాయి మరి! 2025 ఫిబ్రవరి 2న ఇంగ్లండు గాయకుడు ఎడ్ షీరన్ రామోజీ ఫిల్మ్‌సిటీలో పాడాడు. వారం తిరిగేసరికి బెంగళూరు వేదిక మీద శిల్పారావుతో కలిసి 'దేవర'లోని 'చుట్టమల్లే' పాట అందుకున్నాడు. తెలుగు పలకడానికి అతను పడ్డ పాట్లు చూసి జనం వెర్రెత్తిపోయారు. అదే ఏడాది మార్చి 8న లండన్‌లో ఇళయరాజా తన సింఫనీ 'వేలియంట్' వినిపించారు. వాళ్ళు మన మాట నేర్చుకుంటున్నారు, మనవాళ్ళు కట్టిన సంగీతాన్ని వాళ్ళ వాద్యబృందం వాయిస్తోంది. లెక్క సరిపోయింది!

కొత్తగా కచేరీలకి వెళ్ళే మిత్రులకి నా అనుభవంతో నాలుగు ముక్కలు:

ఒకటి: స్పీకర్లకి మరీ దగ్గర కూర్చోకండి. సౌండ్ ఇంజనీరు బల్ల ఎక్కడుందో చూసి, ఆ దరిదాపుల్లో చోటు వెతుక్కోండి. ఆయన తన చెవులకి బాగున్నట్టే కదా సర్దుతాడు!

రెండు: చెవుల్లో గుయ్‌మంటుంటే కాసేపు బయటికి వెళ్ళి రండి. అభిమానం మళ్ళీ వస్తుంది, వినికిడి రాదు.

మూడు: ఒక్క పాట ఫోన్లో తీసుకోండి. మిగతావి మీరు వినండి.

నాలుగు: ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా ఆ గాయకుడంటే ఇష్టముంటే, వచ్చేసారి అనకండి.

మళ్ళీ ఆ కుర్రాడు!

పోయిన పెళ్ళిళ్ళ సీజన్లో కొండాపూర్‌లోనే ఒక ఫంక్షన్ హాలుకి వెళ్ళాను. స్టేజీ మీద ఆర్కెస్ట్రా పాడుతోంది. జనమంతా భోజనాల దగ్గర. ఎదురుగా ఖాళీ కుర్చీలు. పాడుతున్న గొంతు ఎక్కడో విన్నట్టుంది. చూస్తే... ఆ కుర్రాడే! కాస్త ఒళ్ళు చేశాడు.

విరామంలో దగ్గరికెళ్ళి, ఫలానా షూటింగ్ రోజు నేను ఆడియన్స్‌లో ఉన్నానని చెప్పాను. అతని మొహం ముడుచుకుపోయింది. "ఆ రోజు గొంతు పోయింది అన్నా" అన్నాడు తల దించుకుని.

"రెండోసారి పోయింది. మొదటిసారి పోలేదు. నేను విన్నాను" అన్నాను.

అతను తలెత్తి చాలాసేపు నా వంకే చూశాడు. "నేనే తప్పుగా గుర్తుపెట్టుకున్ననేమో అనుకున్న అన్నా. అంత బాగా పాడలేదేమో, నాకే అట్ల అనిపించిందేమో అని..."

నేను ఆ చరణం, ఆ చోటు, అతను ఊపిరి తీసుకోకుండా దాటిన సంగతి, తబలా ఆయన తలెత్తిన సంగతి, అన్నీ చెప్పాను. అతను ఏమీ అనలేదు. కీబోర్డు ఆయన దగ్గరికెళ్ళి చెవిలో ఏదో చెప్పి, మైకు అందుకున్నాడు.

అదే పాట! నేను మొదటి వరసలో ఖాళీ కుర్చీల మధ్య కూర్చున్నాను. బిర్యానీ చల్లారిపోతుందని మావాళ్ళు పిలుస్తున్నారు. లేస్తానా! పాట అయ్యేదాకా కదల్లేదు. అయ్యాక చప్పట్లు కొట్టాను.

ఈసారి ఎవరూ కొట్టమని చెప్పలేదు లెండి!