గడియారం చెప్పే కేలరీల లెక్క

జనగామలో పొద్దున్నే గంటసేపు నడిచివచ్చారు. చేతి గడియారం 400 కేలరీలు ఖర్చయ్యాయంటోంది. ఆ ధైర్యంతో మరో రెండు పూరీలు వేయించుకుంటున్నారా? కాస్త ఆగండి.

60 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో గంట నడిస్తే సుమారు 210 కేలరీలు ఖర్చవుతాయి. అందులో 60 దాకా ఊరికే కూర్చున్నా అయ్యేవే! నడక పుణ్యమా అని అదనంగా పోయినవి 150. అంటే ఆ పూరీలకే సరిపోవు.

గడియారం కొలిచేది నాడినీ, చేతి కదలికనూ. కేలరీలు దాని ఊహ మాత్రమే. మన చుట్టుపక్కల పనులే చూడండి. మహబూబాబాద్ చేలల్లో మిరపకాయలు కోసే ఆమె చేతులు ఆడుతుంటే వేయని అడుగులూ లెక్కలో పడవచ్చు. ఆమే నెత్తిన మూట పెట్టుకుని రెండు చేతులా పట్టుకు నడిస్తే వేసిన అడుగులే తప్పిపోవచ్చు; మూట బరువు దానికి బొత్తిగా తెలియదు. భూపాలపల్లి గనిలో ఉక్కకు గుండె వేగం హెచ్చితే అదీ శ్రమ కిందే జమ!

2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు ఏడు రకాల పట్టీలను పరీక్షించారు. ఆరు నాడిని బాగానే కొలిచాయి. కేలరీలలో మాత్రం అన్నిటికన్నా మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది. అధమమైనది 93 శాతం.

నిన్నటి నడకతో నేటి నడకను పోల్చుకోవడానికి వాడండి, బాధ లేదు. ఇన్సులిన్ తీసుకునేవారు మాత్రం ఈ అంకెను నమ్మి మోతాదు మార్చవద్దు, వైద్యుణ్ణి అడగండి. నడకలో చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే కూర్చుని, మూడు చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి.