చిన్న కంప్యూటర్ గేమ్ ప్రచురణ సంస్థలు: కాపీ రక్షణ, డౌన్‌లోడ్ పంపిణీలో గమనించవలసిన అంశాలు

(ప్రత్యేక వ్యాసం)

గుడిబండ: కర్ణాటక సరిహద్దున శ్రీ సత్యసాయి జిల్లా మడకశిర నియోజకవర్గంలో ఉన్న గుడిబండ వంటి మండల కేంద్రం నుండి సైతం నేడు ఒక కంప్యూటర్ గేమ్‌ను రూపొందించి ప్రపంచమంతటా విక్రయించే వీలున్నది. ఇందుకు సీడీ ముద్రణ అక్కరలేదు. హైదరాబాదులోనో, బెంగళూరులోనో పంపిణీదారును ఆశ్రయించవలసిన అవసరమూ లేదు. గేమ్‌ను డౌన్‌లోడ్ దుకాణంలో ఉంచితే, కొనుగోలుదారు సొమ్ము చెల్లించి నేరుగా తన కంప్యూటరులోకి దించుకుంటాడు. అయితే అదే మార్గాన ఆ గేమ్ నకలు కూడా గంటల వ్యవధిలో ఊరూరా వ్యాపించగలదు. ఇద్దరు ముగ్గురు కలిసి రెండు మూడేళ్లు శ్రమించి తయారుచేసిన గేమ్‌కు రాబడిలో గణనీయమైన భాగం విడుదలైన తొలి వారాలలోనే వస్తుంది కనుక, ఈ సమస్య చిన్న సంస్థకు జీవన్మరణ సమస్య అవుతున్నది.

నకలును అరికట్టేందుకు ఎంత గట్టి తాళం వేయాలి, ఆ తాళం నిజాయితీగా కొన్న వారికి ఎంత ఇబ్బంది కలిగిస్తుంది అనే రెండు ప్రశ్నలు ప్రతి ప్రచురణకర్తకూ ఎదురవుతాయి. తేలికపాటి రక్షణ మేలు చేస్తుందని, దానిని మించి బిగించిన కొద్దీ ప్రయోజనం తగ్గి నష్టం పెరుగుతుందని గత రెండు దశాబ్దాల అనుభవం తెలియజేస్తున్నది.

కాపీ రక్షణ పద్ధతులు

కాపీ రక్షణ పద్ధతులను స్థూలంగా నాలుగు విధాలుగా చెప్పవచ్చు. మొదటిది, అసలు డిస్క్ కంప్యూటరులో ఉంటేనే గేమ్ నడిచే పద్ధతి. రెండవది, కొనుగోలుదారుకు ఇచ్చే సీరియల్ సంఖ్యను నమోదు చేసే పద్ధతి. మూడవది, ఇంటర్నెట్ ద్వారా ఒకసారి యాక్టివేషన్ చేయించుకునే పద్ధతి; ఇందులో ఎన్ని కంప్యూటర్లలో వాడవచ్చునన్న పరిమితి కూడా విధించవచ్చు. నాలుగవది, గేమ్ ఆడుతున్నంత సేపూ సంస్థ సర్వరుతో సంబంధం కొనసాగవలసిన పద్ధతి.

వీటన్నింటికీ ఒక సహజమైన పరిమితి ఉన్నది. కొనుగోలుదారు కంప్యూటరులో గేమ్ నడవాలంటే, తాళంతో పాటు తాళం చెవి కూడా ఏదో ఒక రూపంలో ఆ కంప్యూటరుకు చేరక తప్పదు. అందుచేతనే తగిన నైపుణ్యం, సమయం ఉన్నవారు ఏ రక్షణనైనా ఛేదించగలుగుతున్నారు. ఒక్కరు ఛేదిస్తే చాలు, మిగిలిన వారికి ఆ నైపుణ్యంతో పనిలేదు. కనుక కాపీ రక్షణ నకలును శాశ్వతంగా ఆపేది కాదు, కొంత కాలం ఆలస్యం చేసేది మాత్రమేనని గ్రహించవలసి ఉన్నది.

తాళం బిగించినప్పుడు జరిగినది

రష్యాకు చెందిన స్టార్‌ఫోర్స్ అనే రక్షణ వ్యవస్థ కంప్యూటరులో తన సొంత డ్రైవర్లను చేర్చేది. దీనిపై కొనుగోలుదారుల నుండి తీవ్ర నిరసన రావడంతో ఫ్రాన్స్‌కు చెందిన యుబిసాఫ్ట్ సంస్థ 2006లో దాని వాడకాన్ని విరమించుకున్నది. 2008లో విడుదలైన స్పోర్ అనే గేమ్‌ను మొదట మూడు యాక్టివేషన్లకే పరిమితం చేశారు. కొనుగోలుదారులు అమెజాన్‌లో పెద్ద సంఖ్యలో ఒక్క నక్షత్రపు రేటింగులతో తమ అసంతృప్తిని తెలియజేశారు. పరిమితిని తరువాత ఐదుకు పెంచారు. ఇంత చేసినా, ఆ ఏడాది అత్యధికంగా నకలు చేయబడిన గేమ్‌లలో అదే ముందు నిలవడం గమనార్హం. 2010లో అసాసిన్స్ క్రీడ్–2 కంప్యూటర్ వెర్షన్‌కు నిరంతర ఇంటర్నెట్ సంబంధాన్ని తప్పనిసరి చేయగా, మార్చి నెలలో సర్వర్లు మొరాయించి, సొమ్ము చెల్లించిన వారే గేమ్ ఆడలేకపోయారు.

ఈ చివరి ఉదంతం గ్రామీణ ప్రాంతాలకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ప్రాజెక్టు 2017 డిసెంబరు 27న ప్రారంభమైన నాటి నుండి పల్లెలకు బ్రాడ్‌బ్యాండ్ విస్తరణ ఒక ప్రధాన లక్ష్యంగా ఉన్నప్పటికీ, విద్యుత్తు అంతరాయం కలిగినా, సిగ్నల్ బలహీనపడినా నిరంతర సంబంధం కోరే గేమ్ నిలిచిపోతుంది. నకలు తెచ్చుకున్న వాడికి తాళం తీసివేసిన ప్రతి లభిస్తుంది కనుక ఆ ఇబ్బంది లేదు. పర్యవసానంగా శిక్ష సొమ్ము చెల్లించిన వాడికి పడుతున్నది.

చిన్న సంస్థల అనుభవం

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి చెందిన స్టార్‌డాక్ సంస్థ 2006లో గెలాక్టిక్ సివిలైజేషన్స్–2 అనే గేమ్‌ను డిస్క్ రక్షణ లేకుండానే విడుదల చేసింది. సీరియల్ సంఖ్య నమోదు చేసుకున్న వారికి మాత్రమే కొత్త అప్‌డేట్లు అందించింది. అనగా తాళానికి బదులు సేవను రక్షణగా చేసుకున్నది. తొలి ప్రతి నకలైనా, తరువాతి మెరుగుదలలు కావాలంటే కొనుగోలు చేయడమే సులభమైన మార్గమయింది.

రక్షణ లేకపోతే నష్టమేమీ ఉండదని చెప్పడం కూడా సరికాదు. 2013 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాకు చెందిన ఇద్దరు సోదరుల సంస్థ గ్రీన్‌హార్ట్ గేమ్స్, గేమ్ డెవ్ టైకూన్ అనే తమ గేమ్‌ను విక్రయానికి ఉంచిన రోజునే, కొద్ది మార్పుతో కూడిన ఒక నకలును కూడా తామే టొరెంట్లలో ఉంచింది. తొలి రోజున అసలు ప్రతిని వాడినవారు 214 మంది కాగా, నకలు వాడినవారు కనీసం 3,104 మంది; అనగా 93.6 శాతం. గేమ్ సంస్థను నడపడమే ఇతివృత్తంగా గల ఆ గేమ్ నకలు ప్రతిలో, ఆటగాడు స్థాపించిన సంస్థ పైరసీ కారణంగానే దివాలా తీసేలా ఏర్పాటు చేశారు. నకలు వాడుతున్నవారిలో కొందరు, ఆ దివాలా నుండి తప్పించుకునే ఉపాయం చెప్పమని సంస్థ వారినే అడగడం కొసమెరుపు.

నకళ్ల సంఖ్య మొత్తాన్ని కోల్పోయిన అమ్మకాలుగా లెక్కించవచ్చునా అనే ప్రశ్నకు రిఫ్లెక్సివ్ అనే అమెరికా సంస్థ 2008లో వెల్లడించిన వివరాలు ఉపయోగపడతాయి. రికోచెట్ ఇన్ఫినిటీ అనే గేమ్ ఆడుతున్నవారిలో సుమారు 92 శాతం నకలుదారులేనని ఆ సంస్థ గుర్తించి, రక్షణలోని లొసుగులను ఒకటొకటిగా సవరించింది. అప్పటికే ప్రచారంలో ఉన్న దొంగ కీలను పనికిరాకుండా చేసిన తొలి సవరణతో అమ్మకాలు 70 శాతం పెరిగాయి. తరువాతి సవరణలతో ఆ స్థాయి పెరుగుదల రాలేదు. మొత్తం మీద వెయ్యి నకళ్లను ఆపితే అదనంగా జరిగిన అమ్మకం ఒక్కటేనని ఆ సంస్థ అంచనా వేసింది. తలుపు బార్లా తెరిచి ఉంచడం నష్టదాయకమని, గొళ్లెం వేసిన తరువాత గోడలు పెంచడం వ్యర్థ ప్రయాస అని ఈ లెక్క సూచిస్తున్నది.

డౌన్‌లోడ్ దుకాణాల నిబంధనలు

వాల్వ్ సంస్థకు చెందిన స్టీమ్ 2003 సెప్టెంబరులో ప్రారంభమైంది. 2015 నుండి భారత కొనుగోలుదారులకు రూపాయలలో ధరలు చూపుతున్నది. 2017 జూన్‌లో ప్రవేశపెట్టిన విధానం ప్రకారం, ఒక్కొక్క గేమ్‌కు వంద డాలర్ల రుసుము చెల్లించి ఎవరైనా తమ గేమ్‌ను విక్రయానికి ఉంచవచ్చు. రాబడి వెయ్యి డాలర్లు దాటితే ఆ రుసుము తిరిగి లభిస్తుంది. అమ్మకాలలో 30 శాతం దుకాణం వాటా కాగా, కోటి డాలర్లు దాటిన అమ్మకాలపై ఈ వాటా తగ్గుతుంది. చిన్న సంస్థలకు ఆ తగ్గింపు అందేది అరుదు. ఉదాహరణకు 500 రూపాయల గేమ్‌పై 150 రూపాయలు దుకాణానికి పోగా, పన్నులకు ముందు 350 రూపాయలు ప్రచురణకర్తకు మిగులుతాయి.

2018 డిసెంబరులో ప్రారంభమైన ఎపిక్ దుకాణం 12 శాతం వాటాను ప్రకటించింది. 2013లో ప్రారంభమైన ఇచ్.ఐఓలో దుకాణం వాటాను విక్రేతయే నిర్ణయించుకోవచ్చు. పోలెండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ 2008లో నెలకొల్పిన జీఓజీ, కాపీ రక్షణ లేని గేమ్‌లనే విక్రయించే విధానంతో ఆదరణ పొందింది. గూగుల్ ప్లే 2021 జూలై నుండి ఏటా తొలి పది లక్షల డాలర్ల రాబడిపై 15 శాతం మాత్రమే తీసుకుంటున్నది.

తెలుగు నేలపై అనుభవం

హైదరాబాదులోని ఓగ్రె హెడ్ స్టూడియో భారతీయ పురాణ ఇతివృత్తంతో రూపొందించిన అసుర అనే గేమ్‌ను 2017లో స్టీమ్ ద్వారా విడుదల చేసింది. తెలుగు రాష్ట్రాలకు చెందిన ఒక చిన్న బృందం పెద్ద ప్రచురణ సంస్థ అండ లేకుండా అంతర్జాతీయ విపణిని చేరుకోవడానికి ఇది చక్కని ఉదాహరణ.

పైరసీ విషయంలో తెలుగు చలనచిత్ర రంగ అనుభవమూ గమనించదగినది. 2013 సెప్టెంబరులో అత్తారింటికి దారేది చిత్రంలోని కొంత భాగం విడుదలకు ముందే కృష్ణా జిల్లా పెడనలో సీడీల రూపంలో బయటపడింది. నిర్మాణానంతర పనుల దశలోనే అది బయటికి పొక్కినట్లు దర్యాప్తులో తేలింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత గేమ్‌లకూ వర్తిస్తుంది. విడుదలకు ముందు పరీక్షకులకు, సమీక్షకులకు పంపే ప్రతులకు వేర్వేరు గుర్తులు వేయడం, సోర్స్ కోడ్ ఎవరెవరి వద్ద ఉన్నదో నమోదు చేసుకోవడం ఖరీదైన తాళాల కంటె ముందుగా చేయవలసిన పనులు. మేధోసంపత్తి నేరాల కోసం తెలంగాణలో 2016లో ప్రత్యేక విభాగం ఏర్పాటైన విషయం విదితమే.

చట్టం కల్పించే రక్షణ

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనగా పరిగణిస్తారు. హక్కు సంక్రమించేందుకు నమోదు తప్పనిసరి కాదు. అయితే వివాదం తలెత్తినప్పుడు నమోదు పత్రం ప్రాథమిక సాక్ష్యంగా ఉపయోగపడుతుంది. 2021లో సవరించిన నిబంధనల ప్రకారం సోర్స్ కోడ్‌లోని మొదటి పది, చివరి పది పేజీలను దరఖాస్తుతో జతచేయాలి. కోడ్ ఇరవై పేజీల లోపు అయితే మొత్తం సమర్పించాలి.

నకలు చేసిన ప్రోగ్రామును తెలిసి వాడినవారికి 63–బి సెక్షన్ కింద ఏడు రోజుల నుండి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుండి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. వ్యాపార ప్రయోజనం లేని పక్షంలో జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టే విచక్షణ న్యాయస్థానానికి ఉన్నది. 2012 సవరణతో చేరిన 65–ఎ సెక్షన్ ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా విధించవచ్చు. ఇక్కడ ఉద్దేశం కీలకం. అధికారం పొంది చేసే భద్రతా పరీక్ష, ఎన్‌క్రిప్షన్ పరిశోధన, చట్టబద్ధమైన దర్యాప్తు వంటివి ఈ సెక్షన్ పరిధిలోకి రావు. చట్టబద్ధంగా పొందిన ప్రోగ్రామును పోగొట్టుకోకుండా బ్యాకప్ ప్రతి తీసుకోవడం కూడా నేరం కాదు. 63వ సెక్షన్ కింది నేరం పోలీసులు నేరుగా కేసు నమోదు చేయదగినదేనని సుప్రీంకోర్టు 2022 మే 20న నిట్ ప్రో కేసులో స్పష్టం చేసింది.

ఇంటర్నెట్‌లో నకలు కనిపించినప్పుడు దానిని నిలిపి ఉంచిన మధ్యవర్తి సంస్థకు హక్కుదారు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. 2013 కాపీరైట్ నిబంధనల ప్రకారం ఆ సంస్థ 36 గంటలలోగా చర్య తీసుకొని, 21 రోజుల పాటు దానిని అందుబాటులో లేకుండా చేయవలసి ఉంటుంది. ఈ లోగా కోర్టు ఉత్తర్వు తీసుకురాకపోతే దానిని తిరిగి అందుబాటులో ఉంచవచ్చు.

ఒప్పందాలలో జాగ్రత్త

చిన్న సంస్థలు తరచుగా విస్మరించే అంశం ఒకటున్నది. బొమ్మలు గీసే చిత్రకారుడు, సంగీతం సమకూర్చే కళాకారుడు ఉద్యోగులు కానప్పుడు, వారి హక్కులను రాతపూర్వక ఒప్పందం ద్వారా బదిలీ చేయించుకోవాలి. ఒప్పందంలో కాలపరిమితి పేర్కొనకపోతే బదిలీ ఐదేళ్లకు మాత్రమే చెల్లుతుందని, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికే పరిమితమవుతుందని చట్టంలోని 19వ సెక్షన్ చెబుతున్నది. డౌన్‌లోడ్ అమ్మకం మొదటి రోజు నుండే ప్రపంచవ్యాప్తమైనది. ఒప్పందంలో ఒక్క వాక్యం లోపిస్తే విదేశాలలో జరిగే ప్రతి అమ్మకం వివాదాస్పదమయ్యే ప్రమాదమున్నది.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసినవి

సొమ్ము పణంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించిన చట్టం నిషేధిస్తున్నది. ఒకసారి ధర చెల్లించి కొనుక్కొని, పందెం ఏదీ లేకుండా ఆడుకునే గేమ్ దీనికి పూర్తిగా భిన్నమైనది. రెంటినీ 'ఆన్‌లైన్ గేమ్' అనే ఒకే మాటతో ప్రస్తావించడం వలన యువ రూపకర్తలకు బ్యాంకుల వద్ద, కార్యాలయాల వద్ద అపార్థాలు ఎదురయ్యే అవకాశమున్నది. పైరసీ వార్తలలో నకళ్లు లభించే వెబ్‌సైట్ల పేర్లు ప్రచురించడం వాటికి ఉచిత ప్రచారమవుతుంది కనుక దానిని నివారించడం మంచిది. నకళ్ల సంఖ్యను గేమ్ ధరతో గుణించి నష్టంగా చూపే ప్రకటనలను పరిశీలించిన పిదపనే ఉటంకించడం సముచితం.

చిన్న ప్రచురణకర్త చేయవలసినది సంక్షిప్తంగా ఇది: ఒకసారి యాక్టివేషన్ జరిగిన తరువాత ఇంటర్నెట్ లేకున్నా నడిచే తేలికపాటి రక్షణ, స్థానిక కొనుగోలు శక్తికి తగిన రూపాయి ధర, కొన్నవారికి క్రమం తప్పని అప్‌డేట్లు, హక్కుల పత్రాలన్నీ విడుదలకు ముందే సిద్ధంగా ఉంచుకోవడం. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న పల్లెలో ఒక విద్యార్థి సొమ్ము చెల్లించి దించుకున్న గేమ్ ఆటంకం లేకుండా నడిచినప్పుడే, అతడు రెండవ గేమ్‌ను కూడా కొనుగోలు చేస్తాడు. చిన్న సంస్థ మనుగడ ఆ రెండవ కొనుగోలుపైనే ఆధారపడి ఉన్నది.