పాయింట్లు (రైలు మార్గం)

రైలు ఒక పట్టాల దారి నుండి మరొక దారిలోకి మారడానికి వీలు కల్పించే ఏర్పాటును పాయింట్లు అంటారు. రైలు తనంతట తాను పక్కకు తిరగలేదు. చక్రాన్ని పట్టా ఎటు నడిపితే అటే పోతుంది. అందువలన రైలు ఏ దారిన పోవాలన్నది డ్రైవరు చేతిలో కాక పాయింట్ల అమరికలో ఉంటుంది. అసలు రైలు మార్గాలలోనూ, నమూనా రైలు మార్గాలలోనూ వీటి ఎంపికకు, మార్పిడికి వర్తించే సూత్రాలు చాలావరకు ఒక్కటే.

భాగాలు

పాయింట్లలో ముఖ్యంగా మూడు భాగాలు ఉంటాయి. మొదటిది స్విచ్చి. ఇందులో కదలకుండా ఉండే స్టాక్ రైళ్ళు రెండు, వాటి పక్కన అటూ ఇటూ జరిగే టంగ్ రైళ్ళు రెండు ఉంటాయి. టంగ్ రైలు కొన నాలుక వలె సన్నగా చెక్కబడి ఉంటుంది. రెండవది క్రాసింగు. ఒక దారి పట్టా మరొక దారి పట్టాను దాటే చోటు ఇది. చక్రం అంచు పోవడానికి ఇక్కడ పట్టాలో సందు విడిచిపెడతారు. మూడవది ఈ రెండింటినీ కలిపే పట్టాలు. క్రాసింగు సందు వద్ద చక్రం దారి తప్పకుండా ఎదురు పట్టా పక్కన చెక్ రైలును అమర్చుతారు.

టంగ్ రైలు కొన వైపు నుండి రైలు వస్తే అవి ఫేసింగ్ పాయింట్లు, క్రాసింగు వైపు నుండి వస్తే ట్రెయిలింగ్ పాయింట్లు. ఫేసింగ్ పాయింట్లలోనే రైలు దారి నిర్ణయమవుతుంది కనుక ప్రమాద అవకాశం వాటిలోనే ఎక్కువ.

ఉత్తరాంధ్రలో

విజయవాడ, కటక్ పట్టణాలను కలిపే తూర్పు తీర రైలు మార్గం 1893, 1896 సంవత్సరాల మధ్య దశలవారీగా ప్రారంభమైనది. విజయనగరం నుండి పార్వతీపురం వరకు 79 కి.మీ. మార్గం 1908-09లోను, సాలూరు శాఖ 1913లోను వచ్చాయి. రాయపూరు వరకు మార్గం 1931లో పూర్తయినది. కనుక విజయనగరం జంక్షనులో రాయపూరు దారి, బొబ్బిలిలో సాలూరు దారి, కొత్తవలసలో కిరండూలు దారి విడిపోతాయి. ఈ విడిపోయే ప్రతిచోటా పాయింట్లే ఆధారం.

శ్రీకాకుళం జిల్లాలోని నౌపడా నుండి పర్లాకిమిడి వరకు 762 మి.మీ. వెడల్పు గల చిన్న రైలు మార్గం 1900లో ప్రారంభమైనది. తరువాత 1931 నాటికి గుణుపూరు వరకు విస్తరించినది. గేజి మార్పిడి కోసం 2004లో ఈ మార్గాన్ని మూసివేశారు. 2011 నాటికి గుణుపూరు వరకు 1676 మి.మీ. బ్రాడ్ గేజి సిద్ధమైనది. గేజి మారితే పాత పాయింట్లు ఉన్నవి ఉన్నట్లుగా కొత్త దారికి పనికిరావు. మామూలు పట్టాలను దూరం జరిపి వేయవచ్చు గాని, పాయింట్ల కొలతలు చాలావరకు గేజిపై ఆధారపడి ఉంటాయి.

ఎంపిక

పాయింట్లను క్రాసింగు కోణాన్ని బట్టి పేర్కొంటారు. 12లో 1 అంటే 12 మీటర్ల పొడవుకు 1 మీటరు పక్కకు జరిగే వాలు. దాని కోణం దాదాపు 4.8 డిగ్రీలు. 8.5లో 1 రకానికి కోణం దాదాపు 6.7 డిగ్రీలు. కోణం పెరిగితే వంపు బిగువవుతుంది, వేగం తగ్గించవలసి వస్తుంది. భారతీయ రైల్వేలలో గూడ్సు యార్డులలో 8.5లో 1 రకాన్ని, ప్రయాణికుల రైళ్ళు లూపు లైనులోకి మారే చోట 12లో 1 రకాన్ని ఎక్కువగా వాడతారు. 12లో 1 రకం మీద పక్కదారిలోకి మారే రైలుకు సాధారణంగా గంటకు 30 కి.మీ. వేగ పరిమితి ఉంటుంది. చోటు తక్కువగా ఉన్న యార్డులో పొడవైన పాయింట్లు పట్టవు. చోటు ఉన్నా పొట్టివి వేస్తే రైలు వేగం పడిపోతుంది. పట్టా బరువు కూడా చూడాలి. మీటరుకు 60 కిలోల పట్టాల దారిలో 52 కిలోల పాయింట్లు నేరుగా అతకవు.

తనిఖీ, మార్పిడి

టంగ్ రైలు స్టాక్ రైలుకు పూర్తిగా ఆనుకొని ఉండాలి. రెండింటి నడుమ 5 మి.మీ. మందపు ముక్కను ఉంచి చూసినపుడు పాయింట్లకు తాళం పడకూడదు, సిగ్నలు రాకూడదు. తాళం పడితే యంత్రం సర్దుబాటులో లోపం ఉన్నట్లు.

కొన నుండి 1000 మి.మీ. లోపల టంగ్ రైలు మొత్తం 200 మి.మీ. మేరకు పెచ్చులూడితే దానిని మార్చాలి. క్రాసింగు ముక్కుకు గరిష్ఠ అరుగుదల 10 మి.మీ. కొంత అరిగిన క్రాసింగును వెల్డింగు చేసి తిరిగి వాడతారు. టంగ్ రైలును మార్చేటపుడు దాని జత స్టాక్ రైలును కూడా మార్చడం మంచిది. అరిగిన స్టాక్ రైలుకు కొత్త టంగ్ రైలు సరిగా ఆనదు.

మొత్తం పాయింట్లను మార్చాలంటే రైళ్ళను కొన్ని గంటలు ఆపాలి. కొత్తవాటిని ముందుగానే పక్కన కూర్చి ఉంచుతారు. పాతవాటిని తీసి, కంకర సరిచేసి, యంత్రంతో కొత్తవాటిని దించి, కంకర కూరి, అతుకులు వేస్తారు. తరువాత పాయింటు యంత్రాన్ని, సిగ్నలు తీగలను కలిపి పరీక్షిస్తారు. కంకర స్థిరపడేవరకు రైళ్ళను తక్కువ వేగంతో నడుపుతారు.

సిగ్నళ్ళతో సంబంధం

పాయింట్లు సరైన దారికి మారి, తాళం పడిన తరువాతనే సిగ్నలు పచ్చగా మారాలి. ఈ కట్టుబాటును ఇంటర్ లాకింగు అంటారు. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్ వద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిను లైనుకు సిగ్నలు ఇవ్వబడగా, పాయింట్లు లూపు లైనుకు ఉన్నాయి. రైలు లూపు లైనులో నిలిచిన గూడ్సు బండిని ఢీకొన్నది. ఈ ప్రమాదంలో 290 మందికి పైగా మరణించారు. సిగ్నలు సర్క్యూట్లలో మార్పులు చేసినపుడు జరిగిన లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలినది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గుండా పోయే రైలు ఇదే. పాయింట్ల పని పట్టాలు బిగించడంతో పూర్తి కాదనడానికి ఇది ఉదాహరణ.

నమూనా రైలు మార్గాలలో

అభిరుచి గలవారు ఇంట్లో నిర్మించే నమూనాలలో 1:87 నిష్పత్తి గల హెచ్‌ఓ స్కేలు ప్రసిద్ధం. దీని పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. పాత నౌపడా మార్గపు 762 మి.మీ. గేజి ఈ నిష్పత్తిలో 8.8 మి.మీ. అవుతుంది. కనుక 9 మి.మీ. పట్టాలు, పాయింట్లు దానికి సరిపోతాయి.

ఇక్కడ కూడా పాయింట్లకు సంఖ్యలు ఉంటాయి. 4వ నంబరు పాయింట్ల కోణం దాదాపు 14 డిగ్రీలు, 6వ నంబరుకు 9.5 డిగ్రీలు. 23.5 మీటర్ల ఎల్‌హెచ్‌బీ పెట్టె ఈ స్కేలులో 270 మి.మీ. ఉంటుంది. ఇటువంటి పొడవైన పెట్టెలకు 6 లేదా అంతకు మించిన నంబరు అనుకూలం. క్రాసింగు ప్లాస్టిక్కుదైతే అక్కడ విద్యుత్తు అందక చిన్న ఇంజన్లు ఆగిపోతాయి. లోహపు క్రాసింగుకు ఈ ఇబ్బంది లేదు గాని, పాయింట్లు మారినపుడు దాని విద్యుత్ ధ్రువాన్ని కూడా మార్చే ఏర్పాటు ఉండాలి.

పాతవాటిని తీసేటపుడు కంకరను అంటించిన నీటి జిగురును నీటితో నానబెట్టి, అతుకు ముక్కలను పక్కకు జరిపితే పట్టాలు విరగవు. కొత్తవాటిని అంటించక ముందే ఒక పెట్టెను చేతితో రెండు దారులలోనూ, రెండు దిశలలోనూ నెట్టి చూడాలి. చక్రం ఎక్కడైనా ఎగిరితే లోపం పాయింట్లదో చక్రాలదో తెలుసుకొనడానికి వేరొక పెట్టెతో పోల్చి చూడాలి.